పక్కసీటు బ్రేకు

మా మరిదిని అందరూ బ్రేకు మాస్టారు అంటారు. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. చేరినరోజు ఎవరికైనా అతను చెప్పే మొదటి మాట ఒకటే: "బండి పోనివ్వడం ఎవరికైనా వస్తుంది. ఆపడం నేర్చుకోండి." చెప్పి చెప్పి ఆ పేరే స్థిరపడిపోయింది. అతని స్కూలు కారులో పక్కసీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు పొరపాటు చేస్తే మాస్టారు ఆపడానికి. మాస్టారే పొరపాటు చేస్తే ఆపడానికి ఏ ఏర్పాటూ లేదని నాకు ఆలస్యంగా తెలిసింది.

మాది లాండ్రీ. లాడ్జీల దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు. మూటలు తేవడం, తిరిగి ఇచ్చి రావడం మా ఆయన పని. ఉతికించి, ఆరేయించి, ఇస్త్రీ చేసి మడత పెట్టడం నా పని. వ్యాను ఆయనే నడిపేవారు. కొంతకాలంగా ఆయనకి చూపు తగ్గుతూ వచ్చింది. ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో తెలియని స్థితికి వచ్చాక కళ్ళ డాక్టరు తేల్చి చెప్పేశాడు, ఆపరేషను చేసినా సరే, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని.

"నువ్వు నేర్చుకో," అన్నారు మా ఆయన.

నేను నవ్వాను. ఇస్త్రీ పెట్టె తప్ప మరో యంత్రం పట్టి ఎరగనిదాన్ని, ఈ వయసులో వ్యాను నడపడమా? కానీ అద్దె వ్యానువాడు పొద్దున్నే రమ్మంటే మధ్యాహ్నానికి వచ్చేవాడు. పెద్ద లాడ్జీ మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు: "వచ్చే నెల నుంచి దుప్పట్లు టైముకి రాకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తానమ్మా, మరేమీ అనుకోకండి." ఆ లాడ్జీ పోతే మాకు మిగిలేవి వీధిలోవాళ్ళ చొక్కాలు. కాబట్టి నేను లైసెన్సు తెచ్చుకుని తీరాలి. ఇంకో దారి లేదు.

మరిది రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చి నేర్పేవాడు. నా డప్పు నేను కొట్టుకోకూడదు గానీ, నాకు బాగానే వచ్చింది. క్లచ్చు వదలడం ఇస్త్రీ పెట్టె ఎత్తడంలాంటిదే, విసురుగా ఎత్తితే గుడ్డ కూడా లేచొస్తుంది. మరిది ఎప్పుడూ నా పాదాలకేసే చూస్తూ కూర్చునేవాడు. అది అతని పద్ధతి. రోడ్డు ఎవరైనా చూస్తారు, మాస్టారన్నవాడు కాళ్ళు చూడాలి అనేవాడు. "టెస్టులో నీకు ఢోకా లేదు వదినా," అని ఒకరోజు అన్నాడు. ఇంటికి వచ్చి ఆ మాట మా ఆయనకి చెప్పాను, కాసేపాగి ఆయన విన్నారో లేదోనని మళ్ళీ చెప్పాను.

ఆ రోజు పోస్టాఫీసు మలుపు దగ్గర కారు తిప్పుతున్నాను. మరిది ఒళ్ళో స్కూలు సంచీ పెట్టుకుని తల వంచుకుని ఉన్నాడు. "ఊఁ... బాగుంది... పోనీ," అంటున్నాడు. నా కాళ్ళు చూస్తున్నాడనుకున్నాను. మలుపు దాటుతూ స్టీరింగుని నిదానంగా వెనక్కి తెచ్చుకుని, యాక్సిలరేటరు కొంచెం నొక్కాను. అంతే. కారు గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోయింది. నా ఛాతీ వెళ్ళి స్టీరింగుకి తగిలింది. ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆరిపోయింది. వెనక ధన్‌మని ఏదో కొట్టుకుంది. అద్దంలో చూస్తే స్కూటరు పక్కకి పడి ఉంది, దాని పక్కన ఒక అమ్మాయి, కుడిచెయ్యి ఒంటి కింద ఇరుక్కుని.

తలుపు తీసుకుని పరుగెత్తాను. "సారీ అమ్మా, సారీ, నాదే తప్పు, కొత్తగా నేర్చుకుంటున్నా..." నోటికి అదొక్కటే వచ్చింది. జనం మూగారు. మలుపు దగ్గర ఏం జరిగిందో చూడను కూడా చూడని ఒక పెద్దమనిషి చేతిలో టీ గ్లాసుతో వచ్చి తీర్పు చెప్పేశాడు: "బ్రేకుకీ యాక్సిలరేటరుకీ తేడా తెలియకుండా రోడ్డెక్కితే ఇంతే మరి." ఆ మాటకి నేను తల ఊపాను. ఎవరో అడిగినట్టు, అవునవునని ఊపాను. మరిది తల ఎత్తకుండా ఆ అమ్మాయిని లేపి కూర్చోబెట్టాడు.

ఆమె మణికట్టు విరిగింది. బస్టాండు దగ్గర సెలూన్లో ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించే అమ్మాయి. కుడిచెయ్యి లేకపోతే ఆమె పనేమిటో మీరే చెప్పండి. మర్నాడు పళ్ళు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తోడుగా మరిదినీ రమ్మన్నాను. అతను గుమ్మం దగ్గరే నిలబడి తన చెప్పులు తనే చూసుకున్నాడు. నేను మాత్రం లోపలికి వెళ్ళి, మంచం పక్కన నిలబడి, తప్పయిపోయిందమ్మా అని చేతులు పట్టుకోబోయి, ఒక చెయ్యే దొరికితే అదే పట్టుకున్నాను.

"పర్లేదండీ," అంది ఆ అమ్మాయి. "నేర్చుకునేటప్పుడు ఎవరికైనా అవుతుంది."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఓదార్పు విని నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

ఇంట్లో కూడా ఎవరూ తిట్టలేదు. "కంగారులో కాళ్ళు తడబడతాయిలే," అన్నారు మా ఆయన, నల్లద్దాలు తుడుచుకుంటూ. "అక్కా, నీకెందుకీ గోలంతా?" అంది తోడికోడలు, అంటే మరిది పెళ్ళాం. అందరూ ఎంతో ప్రేమగా, నాకు చేతకాదని ఒప్పేసుకున్నారు. నేనూ ఒప్పేసుకున్నాను. టెస్టు రద్దు చేయించమని మరిదికి నేనే చెప్పాను. మూటలు మళ్ళీ అద్దె వ్యానువాడి పాలయ్యాయి, మా వ్యాను మీద దుమ్ము పేరుకుంది. ఎవరో పిల్లలు దాని వెనకద్దం మీద వేలితో ఏనుగు బొమ్మ గీశారు. దాన్ని తుడవడానికి కూడా నాకు మనసొప్పలేదు. బజారుకి వెళ్ళేటప్పుడు పోస్టాఫీసు మలుపు తప్పించుకుని చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని.

ఒకటి చెప్పాలి. నా కాలు యాక్సిలరేటరు మీదే ఉన్నట్టు నాకు లీలగా గుర్తుంది. పాదం కింద ఇంజను గుర్రుమనడం కూడా గుర్తుంది. కానీ కారు ఆగింది కదా, ఆగిందంటే ఎవరో బ్రేకు వేసినట్టే కదా, నడుపుతున్నది నేనే కదా. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఉంటుందని ఆ మాట ఎవరితోనూ అనలేదు.

కొన్నాళ్ళకి మరిది లాండ్రీకి వచ్చాడు. నా మొహం చూడకుండా ఇస్త్రీ బల్ల మీద నా ఫోను తీసుకుని ఏదో నొక్కి ఇచ్చాడు.

"ఇది ఆడు వదినా. భయం పోతుంది."

"ఏంటిది?"

"కార్ల రేసు. ఉత్తి ఆటే. జారుడు రేసు."

"చిన్నపిల్లల ఆటలు నాకెందుకు మరిదీ?"

"నేనూ ఆడతా," అన్నాడు, నేరం ఒప్పుకుంటున్నంత మెల్లగా. నాకు నవ్వొచ్చింది. బ్రేకు మాస్టారు బొమ్మకారు రేసులు ఆడతాడంటే స్కూల్లో చేరినవాళ్ళు ఫీజు వెనక్కి అడుగుతారు.

అతను వెళ్ళాక ఎవరూ చూడకుండా తెరిచాను. అగ్గిపెట్టంత ఎర్రకారు, దానంతటదే పరుగెడుతుంది. ఎడమ బొటనవేలితో తిప్పాలి. కుడి బొటనవేలు బ్రేకు. మలుపు వచ్చే ముందు బ్రేకు మీద ఒక్క తట్టు తట్టి తిప్పితే, ముందు చక్రాలు లోపలికి పట్టుకుంటాయి, తోక బయటికి జారుతుంది. టైర్ల నుంచి తెల్లటి పొగ. ఎంతసేపు పడిపోకుండా జారితే అన్ని పాయింట్లు. ఎక్కువ తట్టితే కారు గిర్రున తిరిగి వచ్చిన దారినే చూస్తుంది. తక్కువ తట్టితే వెళ్ళి గోడని ముద్దు పెట్టుకుంటుంది. నిప్పురవ్వలు రాలతాయి, మళ్ళీ మొదలు. అక్కడ రోడ్డు మీద నా వెనక స్కూటరు లేదు. ఎవరి చెయ్యీ విరగదు. అందుకే నాకు అది అంత నచ్చింది.

నచ్చింది అనడం కూడా తక్కువ. పట్టుకుంది. దుప్పటికీ దుప్పటికీ మధ్య ఒక రేసు అనుకునేదాన్ని. ఒకటి రెండయ్యేది, రెండు ఎన్నయ్యేవో. గలీబుల గుట్ట పెరిగేది. ఒకసారి మంచు కొండ మీద వరుసగా మెలికలు, ఒకదాని నుంచి ఇంకోదానికి జారుతూ జారుతూ, గోడ ఒక్కచోట కూడా తగలకుండా పోతున్నాను, ఊపిరి బిగబట్టి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని. కమురు వాసన వచ్చింది. ఇస్త్రీ పెట్టె లాడ్జీ దుప్పటి మీదే ఉండిపోయింది. ఎత్తి చూస్తే గోధుమరంగులో పడవ ఆకారం మచ్చ.

మా ఆయనకి కళ్ళు తగ్గాయి గానీ ముక్కు బాగానే ఉంది. గోడ పట్టుకుంటూ వచ్చారు. "ఏమైంది? ఏం చేస్తున్నావు?"

"ఏం లేదండీ. పెట్టె కొంచెం వేడెక్కింది."

ఫోను గుడ్డల మూట కింద తోసేశాను. చూడలేని మనిషి నుంచి దాచాను, అదీ చూడండి. లోపల నుంచి ఆట సంగీతం సన్నగా వినిపిస్తూనే ఉంది. ఆయన తల అటు తిప్పి విన్నారు, మళ్ళీ గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయారు. నాకు చచ్చేంత సిగ్గేసింది. నిజం రోడ్డు మీద బండి నడపలేనని మూలన కూర్చున్నదాన్ని, ఇంటాయన చీకట్లో తడుముకుంటుంటే, బొమ్మకారుకి పొగలు తెప్పిస్తున్నాను. అయినా మర్నాడు మళ్ళీ ఆడాను.

ఒక ఆదివారం మరిది, తోడికోడలు భోజనానికి వచ్చారు. తిన్నాక మా ఆయన పడక్కుర్చీలో కునుకు తీశారు. తోడికోడలు డాబా మీద ఆరిన తువ్వాళ్ళు తీసుకొస్తానని వెళ్ళింది. మరిది సోఫాలో, నేను ఎదురుగా పీట మీద.

"వదినా, రెండు ఫోన్లు కలిపి ఆడొచ్చు తెలుసా?" అన్నాడు. "ఒక్క రేసు వేద్దామా?"

"ఓడిపోతే ఏడవకూడదు మరి," అన్నాను.

అతని దగ్గర నా ఆటలు సాగలేదు. రెండో మలుపులోనే నేను గోడని గుద్దాను. కారు మళ్ళీ తేరుకునేదాకా కాస్త సమయం పడుతుంది కదా, ఫోను దించాను. ఎదురుగా మరిది కాళ్ళు కనిపించాయి.

ఎడమకాలు కదలకుండా ఉంది. కుడికాలి మడమ నేల మీద ఆన్చి ఉంది, ముందు పాదం గాల్లో తేలుతూ ఉంది. ఫోనులోంచి టైర్ల కీచుమనే చప్పుడు వచ్చింది, ఆ పాదం నేలని గట్టిగా నొక్కింది. మళ్ళీ లేచింది. ఇంకో కీచు, ఇంకో నొక్కు. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. పైన మనిషి నవ్వుతూ తెరలో మునిగిపోయి ఉన్నాడు, కింద కాలు దాని పని అది చేసుకుపోతోంది. ఒక్క మలుపు కూడా వదల్లేదు.

ఆ రోజు కారులో పక్కసీటు గుర్తొచ్చింది. ఒళ్ళో సంచీ, వంచిన తల, ఊఁ బాగుంది పోనీ.

"మరిదీ."

"ఊఁ."

"నీ కాలు చూడు."

చూశాడు. పాదం అప్పుడే నేలని నొక్కి ఉంది. తీయలేదు. తీస్తే ఒప్పుకున్నట్టు అవుతుందని కాబోలు, అలాగే ఉంచాడు. అతని చేతిలో కారు వెళ్ళి గోడకి తగిలి, తగిలి, అక్కడే నిలిచిపోయింది. దొంగకి తేలు కుట్టినట్టు మొహం పెట్టుకుని, "బయటికి రా వదినా," అన్నాడు గుసగుసగా.

పెరట్లో ఆసుపత్రి దుప్పట్లు వరుసలుగా ఆరేసి ఉన్నాయి. రెండు వరుసల మధ్య నిలబడ్డాం. ఇంట్లోవాళ్ళకి మా కాళ్ళు తప్ప ఏమీ కనిపించవు.

"ఆ రోజు కూడా ఆడుతున్నావా?"

అతను దుప్పటి అంచు వేలికి చుట్టుకున్నాడు.

"నేను నడుపుతుంటే, పక్కన కూర్చుని, ఇదే ఆడుతున్నావా?"

"నువ్వు బాగా నడుపుతున్నావు వదినా. చూడక్కర్లేదనిపించింది." తన కుడికాలు చూసుకున్నాడు. "ఇన్నేళ్ళ నుంచి కాలు దాని మీదే కదా ఉంటోంది. నేను వెయ్యాలని వెయ్యలేదు. పడిపోయింది."

"మరి చెప్పవేం?"

"చెబుదామనే దిగాను. ఒట్టు. నేను నోరు తెరిచేలోగా నువ్వు నాదే తప్పు నాదే తప్పు అంటూ ఆ అమ్మాయి కాళ్ళ దగ్గర కూర్చున్నావు. అందరూ నమ్మేశారు. తర్వాత... తర్వాత ఎలా చెప్పను? స్కూలు మూసుకోవాలి వదినా. బ్రేకు మాస్టారు అంటారు నన్ను."

నిజం చెబుతున్నాను, అది వినగానే నాకు ముందు కోపం రాలేదు. సంతోషం వచ్చింది. నేను వెయ్యలేదు, నా కాలు సరిగ్గానే ఉంది అని గట్టిగా అరవాలనిపించింది. ఆ తర్వాత సిగ్గు వచ్చింది, అదీ అతని మీద కాదు, నా మీద. గుమ్మడికాయల దొంగ అంటే దొంగ కదా భుజాలు తడుముకోవాలి? దొంగ నిక్షేపంగా నిలబడ్డాడు, నేను తడుముకున్నాను. పళ్ళు కూడా కొనుక్కెళ్ళాను. కోపం అన్నిటికంటే వెనక వచ్చింది, వచ్చాక మాత్రం అక్కడే ఆరిన దుప్పటి తీసి అతని మొహాన కొట్టాను.

"ఎవరికీ చెప్పకు వదినా," అన్నాడు దుప్పటి పట్టుకుని.

"నేను చెప్పను. నువ్వే చెబుతావు. రేపు మధ్యాహ్నం కారు తీసుకురా. ఆ సెలూన్‌కి వెళ్దాం. నేనే నడుపుతా."

మర్నాడు వచ్చాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు, పెళ్ళిచూపులకి వెళ్తున్నట్టు. నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. అతను పక్కన కూర్చుని అలవాటుగా కాలు చాపాడు.

"కాళ్ళు పైన పెట్టుకో," అన్నాను.

"ఏంటి?"

"చెప్పులు విప్పి, కాళ్ళు సీటు మీద పెట్టుకుని మఠం వేసుకుని కూర్చో. నీ బ్రేకు నాకు అక్కర్లేదు."

ఒకసారి నా మొహం చూశాడు. చెప్పులు విప్పాడు. అంత పొడుగు మనిషి, మోకాళ్ళు ఒకటి తలుపుకీ ఒకటి గేరుకీ తగులుతుంటే సర్దుకుని సర్దుకుని కూర్చున్నాడు. నేను కారు తీశాను.

భయం వెయ్యలేదని కోతలు కొయ్యను. మొదటి కూడలిలో ఇంజను ఒకసారి ఆరిపోయింది, వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. మళ్ళీ వెలిగించి కదిలించాను. సిగ్నలు దగ్గర పక్కన ఆగిన బస్సులోంచి జనం కిందికి చూశారు. కారు పైన పసుప్పచ్చ బోర్డు మీద డ్రైవింగ్ స్కూలు అని ఉంది, లోపల మాస్టారు కాళ్ళు ముడుచుకుని బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. ఒకతను పక్కవాడికి చూపించి నవ్వాడు. మరిది మొహం పక్కకి తిప్పుకున్నాడు. నాకు జాలేసింది, కానీ కాళ్ళు దించమనలేదు. పోస్టాఫీసు మలుపు వచ్చినప్పుడు అతని మోకాలు దానంతటదే ఎగిరిపడింది, రెండు చేతులతో దాన్ని అదిమి పట్టుకున్నాడు. కారు మలుపు తిరిగింది. ఆగలేదు. నా కాలు ఎక్కడుండాలో అక్కడే ఉంది.

సెలూన్లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఆ అమ్మాయి కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని, ఎడమచేత్తో ఇంకొకామెకి క్లిప్పులు అందిస్తోంది. నన్ను చూసి నవ్వింది.

"మళ్ళీ పళ్ళు తెచ్చారా ఏంటండీ? వద్దండీ, ఇల్లంతా అవే."

"లేదమ్మా. మా మరిది నీతో ఒక మాట చెప్పాలట."

బయటికి వెళ్ళి మాట్లాడదామన్నట్టు మరిది నాకేసి చూశాడు. నేను కదల్లేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయేమో, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు బ్రేకు వేసింది మా వదిన కాదమ్మా. నేను."

"మీరా? అయ్యో, ఎవరైనా అడ్డొచ్చారా?"

మంచి పిల్ల. తప్పించుకునే దారి తనే చూపించింది. కుక్క అడ్డొచ్చిందంటే చాలు, అందరూ అయ్యో పాపం అంటారు, మేం ఇంటికి వెళ్ళిపోవచ్చు. మరిది పెదవులు కదిలాయి, మాట దాకా వచ్చి ఆగాయి. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. జీవితంలో అంత కష్టపడి ఎప్పుడూ నోరు మూసుకోలేదు.

"ఎవరూ రాలేదమ్మా," అన్నాడు. "నేను ఫోన్లో ఆట ఆడుతున్నా. కార్ల రేసు. అందులో మలుపొచ్చింది. అక్కడ వెయ్యాల్సిన బ్రేకు, కాలు ఇక్కడ వేసేసింది."

కత్తెర చప్పుడు ఆగిపోయింది. సగం జుట్టు కత్తిరించుకున్న ఒకావిడ అద్దంలోంచి మరిదిని కింది నుంచి పైదాకా చూసింది. నెరిసిన మీసాలు, ఉతికిన చొక్కా. ఆ అమ్మాయి తన కట్టు వంక చూసుకుంది.

"గెలిచారా?" అంది.

"ఏంటమ్మా?"

"ఆ రేసు. గెలిచారా?"

వెటకారం లేదు ఆ గొంతులో. తన చెయ్యి దేనికి విరిగిందో తెలుసుకోవాలని అడిగింది, అంతే.

"రెండో స్థానంలో వచ్చానమ్మా," అన్నాడు మరిది.

అంటే చూసుకున్నాడు. ఆ పిల్ల రోడ్డు మీద పడి ఉండగా, నేను తలుపు తీసుకుని పరుగెత్తుతుండగా, ఇతను ముందు ఫోను తిప్పి ఎన్నో స్థానంలో వచ్చాడో చూసుకున్నాడు. దుప్పట్ల మధ్య నిలబడి నాతో కూడా ఈ మాట అనలేదు. ఇప్పుడు ఎందుకన్నాడో అతనికే తెలియాలి. నేను కాపురానికి వచ్చేనాటికి నిక్కర్లేసుకుని తిరిగేవాడు, నా చేతి అన్నం తిన్నవాడు. అతను తల దించుకున్నాడు. చూడలేక నేనూ దించుకున్నాను.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "మరి మీరెందుకండీ తప్పు మీదే అన్నారు? మీ కాలు ఎక్కడుందో మీకు తెలీదా?"

అద్దాల్లో అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి. తెలియదని చెప్పొచ్చు. కంగారుపడ్డానని చెప్పొచ్చు, ఇంటిల్లిపాదీ అదే అన్నారు కదా.

"తెలుసమ్మా," అన్నాను. "యాక్సిలరేటరు మీద ఉంది. నాకు అప్పుడే తెలుసు."

"మరి?"

మరి ఏముంది. నాలాంటిది సరిగ్గా నడపడం కంటే తప్పు చెయ్యడమే నిజమనిపించింది, అందరికంటే ముందు నాకే. ఆ మాట అంతమంది ముందు అనలేకపోయాను. తల ఎత్తితే అద్దంలో మేమిద్దరం కనిపించాం, తప్పు చేసినవాడూ చెయ్యనిదీ, పక్కపక్కన ఒకేలా మెడలు వంచుకుని నిలబడి. నేను మెడ నిటారుగా పెట్టుకున్నాను.

"మరిదీ," అన్నాను, అక్కడున్న అందరికీ వినపడేలా. "రద్దు చేయించిన నా టెస్టుకి మళ్ళీ పేరివ్వు."